రూటర్ మనమే కట్టుకుందాం: వైర్‌లెస్ కార్డు కొనే ముందు

(ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



 మన పండుగల గురించి, భాష గురించి, భూమి గురించి పెద్దలు ఇప్పటిదాకా చాలా విషయాలు చెప్పారు. మమ్మల్ని మాత్రం మా హాస్టల్లో పిల్లలతో కలిసి కట్టుకున్న వై-ఫై రూటర్ గురించి చెప్పమన్నారు. "వార్డెన్ మేడం రూటర్ గురించి చెప్పుడేంది" అని వెనక ఎవరో నవ్వినట్టు వినిపించింది. నవ్వండి, పర్వాలేదు. మేము చదివింది టీచర్ ట్రైనింగే, ఇంజనీరింగ్ కాదు. ఆ ట్రైనింగ్‌లో ఒక సూత్రం నేర్పారు: తెలిసిన దాని నుంచి తెలియని దానికి పోవాలి. ఈ పని కూడా మేము అట్లనే నేర్చుకున్నాం.

ముందు, ఎందుకు మొదలుపెట్టామో చెబుతాం.

మాది రెండంతస్తుల బాలికల హాస్టల్. కింద ఆఫీసు, స్టోరు, వంటగది, స్టడీ హాలు. పైన పడక గదులు. ఆఫీసు గదిలోకి ఫైబర్ లైన్ వచ్చింది. దానితో వచ్చిన చిన్న డబ్బా ఆ గదిలోనే పనిచేసేది. స్టోరు గోడ దాటితే లేదు. ఇరవై ఫోన్లు ఒకేసారి కలిస్తే అదీ ఆగిపోయేది. అప్పుడు పిల్లలు గేటు బయట వేపచెట్టు కిందికి పోయి ఫోన్ సిగ్నల్ వెతుక్కునేవాళ్లు.

ఒక ఏడాది డిగ్రీ వెబ్ ఆప్షన్ల చివరి రాత్రి. ఆఫీసులో డబ్బా ఆగిపోయింది. ఒక అమ్మాయి చెట్టు కింద ఫోన్ పట్టుకుని నిలబడింది. వాన పడుతుంటే మేమే గొడుగు పట్టాం. పేజీ తిరిగీ తిరిగీ గడువు దాటిపోయింది. ఆమె కోరుకున్న కోర్సు ఆ ఏడాది ఆమెకు దక్కలేదు. ఏడవలేదు, ఎవరినీ ఏమీ అనలేదు. మాకే నిద్ర పట్టలేదు. లైన్ మా గోడ దాకా వచ్చింది, మా పిల్ల దాకా రాలేదు.

ఆ తర్వాత మా పాత విద్యార్థిని ఒకామె తన పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ ఇచ్చింది. దానిని రూటర్‌గా మార్చవచ్చని చెప్పింది కూడా ఆమే. పై అధికారుల అనుమతి తీసుకున్నాం, స్టాకు రిజిస్టర్‌లో రాసుకున్నాం, పని మొదలుపెట్టాం.

రూటర్ రెండు పనులు చేస్తుంది. ఒకటి, బయటి లైన్‌కూ లోపలి పరికరాలకూ మధ్య దారి చూపడం. రెండు, గాలిలో మాట్లాడడం. మొదటి పనికి ఏ పాత కంప్యూటరైనా చాలు. రెండు నెట్‌వర్క్ పోర్టులు ఉండాలి, ఒకటి బయటి లైన్‌కు, ఒకటి లోపలికి. ఒకటే ఉంటే ఇంకో కార్డు పెట్టుకోవాలి. పైన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకున్నాం. ఇది రెండు ఆదివారాల్లో అయిపోయింది. రెండో పని దగ్గర మాత్రం మేము మూడుసార్లు తప్పు చేశాం. మీరు ఆ తప్పులు మళ్లీ చేయొద్దనే ఇవ్వాళ ఇదంతా చెబుతున్నాం.

మొదటి తప్పు డాంగిల్. పెట్టె మీద పెద్ద స్పీడు అంకె చూసి యూఎస్‌బీకి పెట్టే చిన్న వై-ఫై డాంగిల్ కొన్నాం. అది వేరే వై-ఫైకి చక్కగా కలుస్తుంది. కానీ తనే వై-ఫై ఇవ్వమంటే ఇవ్వదు. విందుకు పోవడం వేరు, ఊరికి విందు పెట్టడం వేరు కదా. పోవడానికి ఒక్క ఆకు చాలు, పెట్టడానికి గుండిగలు కావాలి. గాలిలో విందు పెట్టే ఈ గుణాన్ని ఏపీ మోడ్ అంటారు. ఏపీ అంటే పక్క రాష్ట్రం కాదు, యాక్సెస్ పాయింట్. లైనక్స్‌లో 'ఐడబ్ల్యూ లిస్ట్' అనే ఆదేశం ఇస్తే ఆ కార్డుకు ఏయే మోడ్‌లు వచ్చో వరుసగా చూపిస్తుంది. అందులో ఏపీ లేకపోతే అది మన పనికి రాదు. ఉన్నా ఏ బ్యాండ్‌లో ఉందో చూడాలి. ల్యాప్‌టాప్‌ల కోసం చేసిన కార్డుల్లో కొన్ని 2.4 గిగాహెర్ట్జ్‌లో వై-ఫై ఇస్తాయి, 5 గిగాహెర్ట్జ్‌లో ఇవ్వవు.

అప్పుడు మాకు తెలిసింది, కంపెనీ పేరు కన్నా లోపలి చిప్ పేరు ముఖ్యమని. ఒకే మోడల్ వెర్షన్ 1లో ఒక చిప్, వెర్షన్ 2లో ఇంకో చిప్ ఉండవచ్చు. ఆ చిప్‌కు లైనక్స్‌లోనే డ్రైవర్ ఉంటే ఏళ్ల తరబడి నడుస్తుంది. ఎక్కడో ఎవరో రాసిన విడి డ్రైవర్ మీద ఆధారపడితే, సాఫ్ట్‌వేర్ మార్చిన ప్రతిసారీ మళ్లీ మొదటికి రావాలి. మేము వెతికి ఏథ్9కే డ్రైవర్‌తో నడిచే ఏథెరాస్ చిప్ కార్డు, వాడినదే, కొన్నాం. అది పాత తరం, స్పీడు తక్కువ, కానీ నమ్మకమైనది. కొత్త తరం కావాలంటే ఎంటీ76 డ్రైవర్‌తో నడిచే మీడియాటెక్ చిప్‌లు చూడండి. కొనే ముందు మీ కంప్యూటర్‌లో ఏ స్లాట్ ఉందో కూడా చూసుకోండి. పీసీఐ ఎక్స్‌ప్రెస్, మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్, ఎం.2, ఇవి మూడు వేర్వేరు ఆకారాలు.

రెండో తప్పు యాంటెన్నా. సిగ్నల్ ఇంకా దూరం పోవాలని 9 డీబీఐ పొడుగు యాంటెన్నాలు బిగించాం. వరండా చివరిదాకా, గేటు దాకా సిగ్నల్ వచ్చింది. సంతోషపడి పైకి పోతే, సరిగ్గా రూటర్ మీది గదిలోనే సిగ్నల్ పడిపోయింది. కారణం మా వంటామె జొన్నరొట్టె కొడుతుంటే అర్థమైంది. పిండి ముద్ద అంతే ఉంటుంది. రొట్టెను వెడల్పు చేసేకొద్దీ మందం తగ్గుతుంది. యాంటెన్నా కొత్తగా బలం పుట్టించదు, ఉన్న బలాన్నే చదునుగా పరుస్తుంది. పక్కకు ఎక్కువ పోతే పైకీ కిందికీ తగ్గుతుంది. ఒకే అంతస్తు ఉన్న పొడుగు భవనానికి పెద్ద యాంటెన్నా మంచిదే. అంతస్తులు ఉన్న ఇంటికి చిన్నదే మేలు. మేము పాత చిన్నవే మళ్లీ పెట్టాం.

ఇంకో సంగతి కూడా ఇక్కడే తెలిసింది. గుట్ట మీద నుంచి మైకులో పిలిస్తే ఊరంతా వింటుంది. ఊళ్లో నుంచి మామూలు గొంతుతో ఇచ్చిన జవాబు గుట్ట మీదికి వినపడదు. రూటర్ బలం ఎంత పెంచినా ఫోన్ గొంతు చిన్నదే. అందుకే కొన్నిచోట్ల ఫోన్‌లో గీతలు నిండుగా కనబడినా పేజీ తెరుచుకోదు. ఖాళీ మైదానంలో కూడా దూరం రెట్టింపు కావాలంటే బలం నాలుగింతలు కావాలి. గోడలుంటే ఇంకా ఎక్కువే. ఎక్కువ బలం ఉన్న కార్డు కోసం డబ్బులు పెట్టే బదులు, వై-ఫైని పిల్లలకు దగ్గరగా తీసుకుపోవడమే సరైన దారి.

మూడో తప్పు చోటు. కంప్యూటర్‌ను ఆఫీసులో ఇనుప బీరువా పక్కన, బల్ల కింద పెట్టాం. యాంటెన్నాలు కంప్యూటర్ వెనక గోడవైపు ఉన్నాయి. ముందు ఇనుప పెట్టె, పక్కన ఇనుప బీరువా, ఇక సిగ్నల్ ఎటు పోతుంది? ఎంత మంచి కార్డైనా ఏం చేస్తుంది? లాన్ కేబుల్ లాగి దానిని స్టడీ హాలులో ఎత్తు అరమీదికి మార్చాం. పై అంతస్తుకు కార్డు మీద ఆశ వదులుకున్నాం. ఇంకో కేబుల్ పైకి లాగి, వరండా మధ్యలో విడిగా ఒక యాక్సెస్ పాయింట్ పెట్టాం. లాన్ కేబుల్ 100 మీటర్ల దాకా పోతుంది, మన భవనాలకు అది చాలు. కరెంటు కూడా అదే కేబుల్‌లో పోయే రకం తీసుకుంటే పైన ప్లగ్గు వెతుక్కోనక్కర లేదు. కేబుల్ మాత్రం భవనం లోపల నుంచే లాగండి. మన దగ్గర ఉరుములు, పిడుగులు ఎక్కువ.

కొత్త యాక్సెస్ పాయింటే కొనాలని కూడా లేదు. ఇంట్లో మూలన పడ్డ పాత రూటర్ ఉంటే, దానిలో చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని ఆపి, కేబుల్‌ను దాని లాన్ పోర్టుకు పెడితే అదే యాక్సెస్ పాయింట్ అవుతుంది.

రెండు వై-ఫైలు ఒకదానినొకటి అడ్డుకోకుండా చూసుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడని చానెళ్లు మూడే: 1, 6, 11. కింద 1, పైన 6 పెట్టాం. లైన్‌తో వచ్చిన డబ్బాలో వై-ఫై ఆపేశాం. మా పిల్లల ఫోన్లు వరుసగా పెట్టి చూస్తే చాలావాటికి 2.4 మాత్రమే వచ్చు. గోడలు దాటడంలోనూ అదే మెరుగు. అందుకే ముందు దానిని సరిచేసుకున్నాం. పైన పెట్టినదానికి 5 కూడా ఉంది. కొత్త ఫోన్లు అటు పోతే పాత ఫోన్లకు ఇక్కడ చోటు దొరుకుతుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను 2005లో, 5 గిగాహెర్ట్జ్‌లో ఎక్కువ భాగాన్ని 2018లో లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చారు. బలానికి మాత్రం హద్దు ఉంది. సాఫ్ట్‌వేర్‌లో దేశం ఇండియా అని పెడితే ఆ హద్దులు అదే చూసుకుంటుంది. ఎక్కువ బలం కోసం వేరే దేశం పేరు పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వినొద్దు.

కరెంటు లెక్క మా పిల్లలే వేశారు. పాత డెస్క్‌టాప్ 50 వాట్లు లాగితే రోజుకు 1.2 యూనిట్లు, నెలకు 36 యూనిట్లు. ఇంట్లో కట్టుకునేవాళ్లు తక్కువ కరెంటు తాగే చిన్న కంప్యూటర్ చూసుకోండి. మేము మాత్రం డెస్క్‌టాప్‌నే ఉంచుకున్నాం. ఎందుకంటే దానిలో పెద్ద డిస్క్ ఉంది, ఆ డిస్క్‌లో మన పాటలు ఉన్నాయి.

సెలవులకు పోయినప్పుడు పిల్లలు తమ ఊళ్లలో నానమ్మల పాటలు, దండారి పాటలు, కిక్రి వాయిస్తూ పర్ధాన్ పెద్దలు చెప్పే కథలు, వాళ్ల అనుమతితో, ఫోన్‌లో రికార్డు చేసుకొస్తారు. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది కాబట్టి ఆ అక్షరాల పాఠాలు కూడా అందులో పెట్టుకుంటున్నాం. ఇవన్నీ మా హాస్టల్ వై-ఫైలోనే తెరుచుకుంటాయి, ఇంటర్నెట్ అక్కర లేదు. గాలివానకు లైన్ తెగినా పాట తెగదు. కొన్న డబ్బాతో ఇది మాకు కుదిరేది కాదు.

1943లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ గారి చొరవతో మనవాళ్లకు టీచర్ ట్రైనింగ్ మొదలైంది. పలక, బలపం బయటి నుంచే వచ్చి ఉండవచ్చు. పాఠం చెప్పింది మాత్రం మన మనుషులు, మన భాషలో. వై-ఫై కార్డును కూడా మేము అట్లనే చూస్తున్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, దుకాణానికి పోయే ముందు కాగితం మీద మీ ఇంటి గోడలు గీయండి. ఎక్కడ ఎవరు కూర్చుని చదువుతారో గుర్తు పెట్టండి. ఇంట్లో అన్నిటికన్నా పాత ఫోన్ ఎవరిదో చూడండి. దానికి అందితే అందరికీ అందుతుంది. చిప్ పేరు, ఏపీ మోడ్, స్లాట్, ఈ మూడూ అడిగాకే డబ్బులు ఇవ్వండి. పెట్టె మీది పెద్ద అంకె చివర చూడండి, చూడకపోయినా నష్టం లేదు.

పోయిన ఏడాది స్కాలర్‌షిప్ దరఖాస్తుల చివరి రాత్రి పిల్లలు తమ గదుల్లోనే కూర్చుని ఫారాలు పంపారు. వేపచెట్టు కింద ఎవరూ లేరు. మా హాస్టల్ గేటు ఇప్పుడు సాయంత్రం ఏడింటికే మూస్తున్నాం.

మీ ఇళ్లలో పాత రూటర్లు ఉంటే పారేయకండి, ఒక ఆదివారం పట్టుకుని మా హాస్టల్‌కు రండి. మా పిల్లలు నేర్పుతారు. 

జై సేవా.