విత్తుటకు వేళ చెప్పు లెక్క
(దేవరయాంజాల్ రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కంప్యూటరును గూర్చియు, కృత్రిమ మేధ అను కొత్త విద్యను గూర్చియు నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరినారు. ఇది పట్నపువారి ముచ్చట, మనకేల అని మీలో కొందరు అనుకొనుచుండవచ్చును. కాని తొలకరిలో మీకు కలుగు మొదటి సందేహముతోనే దీనికి సంబంధమున్నది. వాన పడినది, నేల తడిసినది. ఇప్పుడే విత్తవలెనా, ఆగవలెనా? తొందరపడి విత్తిన పిదప ఇరువది దినములు చినుకు లేనిచో మొలక మాడిపోవును. విత్తనము, కూలి, ఎరువు మట్టిపాలగును. మరీ ఆలస్యము చేసినచో కాయ ఊరువేళకు పంట బెట్టకు చిక్కును.

2016వ సంవత్సరము ఖరీఫులో కర్నూలు జిల్లా దేవనకొండ మండలమున ఈ ప్రశ్ననే కంప్యూటరునకు వేసి చూచిరి. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధనా సంస్థయు, మైక్రోసాఫ్టు కంపెనీయు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును కలిసి ఈ పని చేసినవి. పంట వేరుశనగ, అనగా మన పల్లి. పాల్గొన్న రైతులు 175 మంది.

యంత్రము చేసిన పని మంత్రము కాదు, జమాఖర్చుల లెక్క. నేలను ఒక కుండ అనుకొనుడు. వాన జమ. ఎండకు ఆవిరియగునది, మొక్క పీల్చుకొనునది ఖర్చు. చల్కనేల చిన్న కుండ, నల్లరేగడి పెద్ద కుండ. పంటకు కావలసిన నీటిలో నేల ఎంత పాలు ఇయ్యగలదో వారమువారమునకు కట్టి చూచుటయే ఆ లెక్క. 1986 నుండి 2015 వరకు, ముప్పది సంవత్సరముల వాతావరణ వివరములను దీనికి తీసుకొని, ఆ యేటి వాన సూచనలను దానికి కలిపిరి. ఇంత లెక్క మనిషి చేయలేడని కాదు. చేసి ముగించునప్పటికి అదను దాటిపోవును.

అక్కడి రైతులు జూన్ మొదటి వారముననే విత్తుట వాడుక. లెక్క మాత్రము జూన్ చివరి వారము వరకు ఆగుమన్నది. అనగా రోహిణి వెళ్లి, మృగశిర గడచి, ఆరుద్ర ప్రవేశించిన పిదప. ఈ మాటను తెలుగులో రైతుల సెల్‌ఫోనులకు సందేశముగా పంపిరి. ఖరీదైన ఫోను అక్కరలేకపోయెను. కోత పిదప, సలహా పాటించినవారికి సగటున 30 శాతము దిగుబడి అధికమైనదని ఆ సంస్థలు ప్రకటించినవి. 2017లో ఈ సలహాలను మరికొన్ని పంటలకును, కర్ణాటకమునకును విస్తరింపజేసిరి.

ఈ 30 శాతమును నేను కాదనుట లేదు, కాని శిలాశాసనముగ తీసికొనవలదు. అది ఒక ప్రాంతమున, ఒక పంటపై, ఒక యేడు వచ్చిన సగటు; చెప్పినవారు ఆ పని చేసినవారే. సలహా విన్న రైతు కలుపు తీయుటలోను, ఎరువు వేయుటలోను గూడ కొంచెము ఎక్కువ శ్రద్ధ చూపి యుండవచ్చును. అందుకే మేము పరిశోధనా క్షేత్రమున ఒకే మడిని నమ్మక, అనేక మడులలో చీట్లువేసినట్లు పద్ధతులను పంచి పోల్చెదము. ఈ విధానమును ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ క్షేత్రమున ఫిషర్ అను గణిత పండితుడు తీర్చిదిద్దినాడు. అక్కడ 1843 నుండి వ్రాసి దాచిన పంట లెక్కల పుస్తకములను పరిశీలించుటకే 1919లో ఆయనను పిలిపించిరి. ఆ పుస్తకములే లేనిచో ఆయన ఏమి లెక్క వేయును?

ఆకు ఫొటో తీసిన తెగులు పేరు చెప్పు సాధనములును వచ్చినవి. పనికివచ్చునవే, కాని అవి పైకి కనబడు దానినే చూచును. పల్లిలో లేత ఆకులు పాలిపోయినచో ఇనుపధాతు లోపము కావచ్చును, ముదురు ఆకులు ముందుగా పచ్చబడినచో నత్రజని లోపము కావచ్చును. వేరు కుళ్లినను ఆకు పచ్చబడును. వేరును ఫొటో చూడజాలదు. కనుక ఫోను మందు పేరు చెప్పగానే దుకాణమునకు పరుగెత్తక, ఒక మొక్కను పెరికి వేరు చూడుడు. పెరికిన మొక్కను వ్యవసాయాధికారికి చూపుడు.

ఇక మన ఊరి సంగతి. శామీర్‌పేట చెరువుమీద కురిసిన వాన దేవరయాంజాల్ చేనిలో పడవలెనను నియమము లేదు. మండలపు లెక్క మీ చేనికి సరిపోవునో లేదో తెలిసికొనుటకు ఊరిలో రెండు మూడు చోట్ల వర్షమాపకములు పెట్టుకొనుడు. 25 మిల్లీమీటర్ల వాన అనగా ఎకరమునకు సుమారు లక్ష లీటర్ల నీరు. మెట్ట పైరులకు తేలిక నేలలలో 50 నుండి 60, బరువు నేలలలో 60 నుండి 75 మిల్లీమీటర్లు పడిన పిదపనే విత్తుట మేలని మా సిఫారసు. దుక్కిలో తడి ఎంత లోతు దిగినదో గడ్డపారతో గూడ చూచుకొనుడు.

మాపకమును చెట్టునకు, గోడకు దూరముగ, నేలపై కదలకుండ నిలుపుడు. ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నరకు చూచి అంకె వ్రాయుడు. వాన లేని దినమున సున్న వ్రాయుడు, ఖాళీ విడువవలదు. ఆ పుస్తకముననే రకము పేరు, విత్తిన తేదీ, కోత తేదీ, తూకము వ్రాసి ఉంచినచో, రాబోవు వేసవిలో నేను మరల వచ్చినప్పుడు మీ చేలలెక్కతోనే మాట్లాడుకొందము. ఇక మీ సందేహములు అడుగుడు.