ప్రార్థన ఫలించకపోతే తప్పు ఎవరిది?

(బల్మూరులో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రార్థన మంచిదా, కాదా అని తేల్చడానికి నేను రాలేదు. ఎవరి విశ్వాసం వాళ్లది. రాజ్యాంగంలోని 25వ అధికరణం ఇచ్చిన హక్కు అది. నా ప్రశ్న వేరు. జబ్బు నయం కావాలని ఉపవాసాలున్నాం, నూనె రాయించుకున్నాం, రాత్రంతా మోకరించాం. అయినా నయం కాలేదు. అప్పుడు ఆ నేరం ఎవరి నెత్తిన పడుతోంది?

"నీకు విశ్వాసం చాలలేదమ్మా" అంటారు. బిడ్డ చనిపోతే తల్లి విశ్వాసం చాలలేదు. మొగుడు తాగుడు మానకపోతే పెళ్లాం ప్రార్థన చాలలేదు. జబ్బు రాగానే బాణామతి అంటూ దిక్కులేని ఆడమనిషిని వేలెత్తి చూపడం మన పల్లెలకు కొత్త కాదు. ఇక్కడ పేరు మారింది కానీ వేలు మారలేదు.

క్రైస్తవం చెప్పేది ఇదేనా? ఈ విషయంలో క్రైస్తవులందరిదీ ఒక మాట కాదు. స్వస్థత సిలువ మీదే దొరికింది, నమ్మినవారికి తప్పక వస్తుందని కొన్ని పెంతెకొస్తు బోధలు అంటాయి. ఈ లెక్కన నయం కాకపోతే తప్పు రోగిదే అవుతుంది. అడగడం మన వంతు, ఇవ్వడం దేవుని చిత్తం, వైద్యం కూడా ఆయన ఇచ్చిందే అని పాత సంఘాలు ఎక్కువగా చెబుతాయి. 1980ల నుంచి అరవింద్ నిర్మల్ వంటి దళిత వేదాంతులు మరో మాట అన్నారు. దేవుడు బాధపడేవాళ్ల పక్షాన, వాళ్ల గాయాల్లోనే ఉన్నాడని.

బైబిలునే చూడండి. పౌలు తన బాధ తొలగించమని మూడుసార్లు వేడుకున్నాడు. అది తొలగలేదు, ఓర్చుకునే శక్తి మాత్రం దొరికింది. త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో వదిలి వెళ్లాడు. తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం తాగమన్నాడే గాని విశ్వాసం చాలలేదనలేదు. పుట్టుగుడ్డిని చూసి ఎవరి పాపమని శిష్యులడిగితే, వాడిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదన్నాడు యేసు. ఆ గిన్నె తప్పించమని గెత్సేమనేలో ఆయన చేసిన ప్రార్థన కూడా ఆయన అడిగినట్టు తీరలేదు. యోబు కష్టానికి అతని పాపమే కారణమన్న స్నేహితులను ఆ గ్రంథమే తప్పు పట్టింది.

మన ప్రాంతపు చరిత్ర కూడా ఉంది. నాగర్‌కర్నూలులో పనిచేసిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్‌కు చెందిన డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో ఇండియాకు వచ్చి, 1945లో చనిపోయేదాకా ఇక్కడి స్త్రీలకు వైద్యం చేసింది. ఆమె ప్రార్థించే మనిషే. అయినా మందులపెట్టె వదల్లేదు. 1950లో హైదరాబాదులో హెబ్రోను స్థాపించిన భక్తసింగ్ పార్కిన్సన్స్ జబ్బుతో ఏళ్ల తరబడి మంచం పట్టి 2000లో కన్నుమూశారు. ఆయనకు విశ్వాసం చాలలేదని అనడానికి ఎవరికి నోరొస్తుంది? పెద్ద దైవజనుడికి జబ్బు వస్తే అది దేవుని చిత్తం. కూలి చేసుకునే ఆడదానికి వస్తే ఆమె అవిశ్వాసం. ఇది వేదాంతం కాదు, అధికారం.

ఆడవాళ్లు ప్రార్థన కూటానికి ఎందుకు వెళుతున్నారో కూడా మనం ఆలోచించాలి. ఇంట్లో ఆమె నొప్పిని వినే దిక్కుండదు. నడుంనొప్పి, తెల్లబట్ట అంటే ఎవరికీ పట్టదు. కూటంలో నలుగురు ఆడవాళ్లు ఆమె పేరు పెట్టి ప్రార్థిస్తారు, కన్నీళ్లు తుడుస్తారు. ఆ తోడు తక్కువదేం కాదు. దాన్ని పోగొట్టుకోమని నేను చెప్పను. ఆ తోడే బెదిరింపుగా మారకూడదంటున్నాను.

ఎందుకంటే ఇది ప్రాణాల మీదికి వస్తుంది. క్షయకు మామూలుగా ఆరు నెలలు మందు మింగాలి. రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది. "స్వస్థత దొరికింది" అని మాత్రలు ఆపితే జబ్బు తిరగబెడుతుంది, మందులకు లొంగకుండా పోవచ్చు. ఆ మందులు సర్కారు ఉచితంగా ఇస్తుంది. తిండి కోసం ఇచ్చే సాయాన్ని 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలు చేసింది. అది మన హక్కు. మతి చలించిన మనిషిని దయ్యం పట్టిందని గొలుసులతో కట్టేయడం గుడి దగ్గరైనా, దర్గా దగ్గరైనా, ప్రార్థన మందిరంలోనైనా 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నిషిద్ధం.

కాబట్టి మన సంఘాల్లో మూడు మాటలు గట్టిగా అడుగుదాం. డాక్టరు చెప్పకుండా మందు ఆపమని ఏ బోధకుడూ చెప్పకూడదు. నయం కాని మనిషి విశ్వాసాన్ని వేదిక మీద నిలబెట్టి విచారించకూడదు. సాక్ష్యం చెప్పే అవకాశం నయమైనవాళ్లకే కాక, నయం కానివాళ్లకు కూడా ఇవ్వాలి.

88వ కీర్తన ఏ జవాబూ దొరకకుండా చీకట్లోనే ముగుస్తుంది. దాన్ని ఎవరూ బైబిలులోంచి తీసేయలేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి "దేవా, ఎందుకు వినలేదు?" అని అడిగితే ఆమె నోరు మూయించే హక్కు కూడా ఎవరికీ లేదు.