నాగార్జునకొండయు, మన ఊరి రాయియు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



నేను పండితుడను కాను. ఊరి సహకార సంఘమున ఎరువుల లెక్కలు, అప్పుల లెక్కలు వ్రాయు గుమాస్తాను. పదవ తరగతితో నిలిచిపోయిన నా చదువు, ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయపు తలుపులు తెరచిన నాటినుండి మరల సాగినది. పగలు చిట్టా, రాత్రి భారతము. నా కాలమంతయు ఈ రెండు పుస్తకముల నడుమనే గడచినది. కార్యదర్శిగారు నన్ను ప్రసంగింపుమని కోరినప్పుడు, కావ్యములను గూర్చి చెప్పుటకు నాకంటె తగినవారు కలరని విన్నవించి, క్రిందటి కార్తికమాసమున మేమైదుగురము చేసిన ఒకనాటి యాత్రను గూర్చి చెప్పెదనంటిని. ఆ యాత్రలో, నేను ఈ ఊరికి చెల్లింపవలసిన బాకీ యొకటి బయటపడినది. దానినికూడ ఈ సభలోనే ఒప్పుకొందును.

మేమైదుగురమును ఈ గ్రంథాలయపు చందాదారులమే. మన ఊరివారము ముగ్గురము; ఇచ్చట చదువుకొని ఇప్పుడు సూర్యాపేటలో నొకరు, కోదాడలో నొకరు కాపురమున్న మిత్రు లిద్దరు. సూర్యాపేటకు గాని కోదాడకు గాని రైలు లేదు. హైదరాబాదు–విజయవాడ రాచబాట ఆ రెండూళ్ళ మీదుగా పోవుచున్నను, రైలెక్కవలెనన్న మనకు మిర్యాలగూడయే దిక్కు. అందుచే ముందునాటి రాత్రికే అందరము మిర్యాలగూడ చేరి, బంధువుల యింట తలదాచుకొని, తెల్లవారుజామున స్టేషనునకు పోతిమి. సాగరమునకు బస్సులో తిన్నగా పోవచ్చును గదా యని మీ రడుగవచ్చును. పోవచ్చును. కాని మాలో పెద్దవారైన మాష్టరుగారు, రైలులో కూర్చుండి పులిహోర పొట్లము విప్పనిదే అది యాత్రయే కాదని పట్టుపట్టిరి. ఆయన మాట కాదనువా రెవ్వరు?

రైలు కదలిన కొంతసేపటికి తెల్లవారెను. ఇరుప్రక్కల బియ్యపు మిల్లులు, కోతకు వచ్చిన వరిచేలు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల ఈ పచ్చదనములో పెద్దపాలు సాగరపు ఎడమ కాలువది. దానికి లాల్‌బహదూర్ కాలువయని పేరు. మా తండ్రిగారి చిన్ననాట తమ చెలకలలో జొన్నలును ఆముదములును తప్ప వేరు పంట యెరుగమని వారు చెప్పుచుండెడివారు. ఆ చేలను చూచి సంతోషించితిమే గాని, ఆ నీరు మనకు వచ్చుటకై ఎచ్చట నేమి మునిగినదో ఆ వేళ మాలో నెవ్వరికిని తలపునకు రాలేదు.

విష్ణుపురము దాటగానే కృష్ణమ్మ కనబడెను. వంతెనపై రైలు సాగుచుండగా మా మిత్రులు కిటికీనుండి రూపాయి బిళ్ళలు విసరి నమస్కరించిరి. ఆవల పొందుగల, పిదప నడికుడి. నడికుడిలో దిగి మాచర్ల బండి యెక్కితిమి. గురజాల వచ్చినప్పుడు అందరును నలగామరాజును, నాయకురాలు నాగమ్మను తలచికొనిరి. నేను మాత్రము ఆ ఊర దొరకిన ఒక చిన్న శాసనమును తలచికొంటిని. రుద్రపురుషదత్తుడను ఇక్ష్వాకు రాజు యొక్క నాలుగవ పాలనాసంవత్సరము అందు చెప్పబడినది. ఈ రాజు పేరును జ్ఞప్తియందుంచుకొనుడు. కడపట దీనితో పనియున్నది.

మాచర్లలో మా కొరకు ఒక గైడు కాచుకొనియుండెను. ముందుగనే మాటలాడుకొని, ఆ దినమంతయు మాతోనే యుండునట్లు కుదుర్చుకొంటిమి. ఆయన పల్నాటి పల్లెలో బడిపంతులుగా పనిచేసి విరమించినవాడు. పదిమందిని గుంపుగా తోలుకొనిపోయి గడియారము చూచుకొను గైడు కాడు. అడిగినదానికి నిదానముగ బదులు చెప్పును, తెలియనిదానికి తెలియదనును. ఆయన కిచ్చిన పైకము నా యాత్రా చిట్టాలో అన్నిటికంటె పెద్ద పద్దు. అన్నిటికంటె సార్థకమైన పద్దుకూడ నదియే.

విజయపురి దక్షిణమున లాంచి యెక్కితిమి. నీటి నడుమ కొండ కనబడగానే మేమందరము లేచి నిలువబడితిమి. గైడుమాత్రము కొండవైపు చూడక క్రింది నీటివైపు చూచుచుండెను. ఏమయ్యా యని అడుగగా, “మా తాత ఊరు ఈ నీళ్ళ కిందనే ఉందండీ. మా నాయన పిల్లోడప్పుడు ఇక్కడ తవ్వకాల్లో కూలికి పోయినాడు. రాతికి రాతికి నెంబరేసి కొండమీదికి మోసినారంట. రాళ్ళు పైకి పొయినయ్, మా ఇళ్ళు కిందనే ఉండిపొయినయ్” అని నవ్వెను. ఆ నవ్వునకు మేము బదులు నవ్వలేకపోతిమి. ఉదయము రైలులోనుండి చూచిన వరిచేలు మా యెదుట మరల నిలిచెను. మనము తిను అన్నమునకు ఎవరో చెల్లించిన మూల్యమున్నది. మన ఖాతాలలో ఆ పద్దు ఎచ్చటను లేదు.

నాగార్జునకొండ మొదట ద్వీపము కాదు. మూడు వైపుల కొండలు, నాలుగవ వైపున కృష్ణ కల ఒక లోయలో నిలిచిన కొండ. క్రీస్తుశకము మూడవ శతాబ్దమునుండి నాలుగవ శతాబ్దపు తొలిభాగమువరకు ఆ లోయ ఇక్ష్వాకు రాజుల రాజధానియైన విజయపురి. శాంతమూలుడు అశ్వమేధము చేసెను. ఆయన కుటుంబపు స్త్రీలు బౌద్ధ చైత్యములను, విహారములను కట్టించిరి. ఒకే యింట రెండు మార్గములు పోరు లేక సాగెను. పిదప అడవి పెరిగి ఆ నగరమును మరపించెను. 1926లో రంగస్వామి సరస్వతిగారు శిథిలములను లోకమునకు తెలిపిరి. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్టుగారు త్రవ్వించిరి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు సాగరమునకు పునాదిరాయి వేసిరి. లోయ మునుగుట నిశ్చయమైనందున 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యమున పెద్ద త్రవ్వకము సాగెను. ముఖ్యమైన కట్టడములను కొన్నిటిని కొండమీదను, కొన్నిటిని ఒడ్డున అనుపులోను తిరిగి నిలిపిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి.

కొండమీద పాత కోటగోడల నడుమనుండి నడచి, మ్యూజియమును, తిరిగి నిలిపిన కట్టడములను చూచితిమి. మహాచైత్యపు పునాది బండిచక్రము వలె నుండును; నడుమ ఇరుసు, చుట్టు ఆకులు, పైన పట్టా. ఈ చైత్యమును వీరపురుషదత్తుని ఆరవ పాలనాసంవత్సరమున ఆయన మేనత్త శాంతిశ్రీ పూర్తిచేయించినది. త్రవ్వకములో బంగారు భరిణెయందు చిన్న అస్థిశకలము దొరకినది. కొంతదూరమున స్నానఘట్టము మెట్లు కలవు. నదిలోనికి దిగుటకు కట్టిన మెట్లు ఇప్పుడు కొండమీద నున్నవి. మాష్టరుగారు వాని ప్రక్క నిలిచి చాలసేపు మాటలాడలేదు.

అచ్చట గైడు మాకు బోధిశ్రీ యను ఉపాసిక శాసనమును గూర్చి చెప్పెను. నేను పుస్తకమున చదివినదే. కాని ఆ కొండమీద వినుట వేరు. వీరపురుషదత్తుని పదునాలుగవ ఏట గోవగామమునకు చెందిన ఈ గృహిణి ఒక చైత్యగృహమును కట్టించి, దాని నేలరాతిపై తన దానములను వ్రాయించినది. నాకు అది చిట్టావలె తోచినది. సింహళ విహారమున బోధివృక్షమునకు ఒక మందిరము. పూర్వశైలమున ఒక చెరువు, ఒక మండపము. మహాధర్మగిరిపై ఒక గది. ఒకచోట మూడు గదులు, వేరొకచోట ఏడు గదులు. ఎచ్చట, ఏమి, ఎన్ని, ఒక్కటియు విడువలేదు. పుణ్యములో పాలుగల బంధువుల పేర్లు వరుసగా నున్నవి. పనిని చూచిన ముగ్గురు స్థవిరుల పేర్లున్నవి. రాతిపనివాడైన విధికుని పేరుకూడ నున్నది. పదియేడు వందల యేండ్ల తరువాత ఒక లెక్కల గుమాస్తా ఆ పద్దులను విని తల యూచినాడు. ఆమె రాణి కాదు. మన ఊరి యిల్లాండ్రవంటి గృహస్థురాలు. దానమిచ్చినవారు ఎందరో యుందురు. లెక్క వ్రాయించి రాతికి అప్పగించినందువలన ఆమె మనకు మిగిలినది.

ఇక నా తప్పును చెప్పెదను. తిరుగు దారిలో చైత్యపు ప్రక్కన పడియున్న ఇటుక ముక్క నొకదానిని గుర్తుగా నుండునని తీసి సంచిలో వేసికొనబోతిని. గైడు నా చేయి పట్టుకొనెను. “అక్కడనే పెట్టండయ్యా. వచ్చినోళ్ళందరూ ఒక్కో ముక్క తీసుకుపోతే ఈ కొండకూడా మునిగినట్టే” అనెను. సిగ్గుపడి మరల పెట్టితిని. ఆయన మృదువుగా, “సూర్యాపేటోళ్ళన్నారు గదా, ఫణిగిరి చూసినారా?” అని యడిగెను. మేమైదుగురము ఒకరి ముఖము లొకరము చూచుకొంటిమి. మాలో నెవ్వరును చూడలేదు. సూర్యాపేటనుండి దాదాపు 40 కిలోమీటర్ల దూరమున నున్న కొండను విడిచి, రెండు రైళ్ళు మారి, లాంచి యెక్కి వచ్చిన ఘనులము మేము!

మరుసటి నెలలోనే ఫణిగిరికి పోతిని. గుట్టపై మహాస్తూపము, చైత్యగృహములు, విహారపు గదులు కలవు. 2001 తరువాత రాష్ట్ర పురావస్తు శాఖవారు జరిపిన త్రవ్వకములలో బుద్ధుని కథలు చెక్కిన తోరణపు దూలములు బయటపడినవి. 2023లో న్యూయార్కు నగరపు మెట్రోపాలిటన్ మ్యూజియమున జరిగిన ప్రదర్శనలో మన ఫణిగిరి శిల్పములు కూడ నుండెను. అక్కడివారు బారులు తీరి చూచిన రాళ్ళను మనము పొరుగున నుండియు చూడలేదు.

ఆ గుట్టపై దొరకిన ఒక స్తంభశాసనమున, గురజాలలో నేను తలచికొన్న రుద్రపురుషదత్తుడే కనబడును. రాజవైద్యుడొకడు ధర్మచక్రమును నిలిపినట్లు అందు కలదు. అది ఆ రాజు యొక్క పదునెనిమిదవ ఏడు. గురజాల శాసనమువలన ఆయన నాలుగవ ఏడును, నాగార్జునకొండ శాసనమువలన పదునొకండవ ఏడును మాత్రమే అంతకుముందు తెలిసియుండెను. మన జిల్లా రాయి యొక్కటి ఒక రాజు పాలన లెక్కకు ఏడేండ్లు కూర్చినది. ఆ రాయిని ఎవరైన పగులగొట్టి గోడలో పెట్టియున్నచో ఆ యేడేండ్లు లోకమునకు లేనట్లే.

ఈ మాట తోచిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏలయనగా, ముప్పదియేండ్ల క్రిందట మా కొట్టము కట్టుకొన్నప్పుడు ఊరి తూర్పున నున్న పాటిగడ్డనుండి రెండు బండ్ల పాత ఇటుకలను తోలించినవాడను నేనే. మూర పొడవు ఇటుకలు. ఉచితముగ వచ్చినవని మురిసితిని. వానితో కూడ ఒక బండ వచ్చినది. దానిపై గీతలేవో యుండెను. చదునుగా నున్నదని కొట్టము గడపముందు అడుగుబండగా వేయించితిని. మీలో చాలమంది దానిపై కాలు పెట్టి లోనికి వచ్చినవారే. మరునాటి ఉదయము మా యింటి ఆమె నీరు పోయగా చేతితో మెల్లగా కడిగి చూచితిని. ముప్పదియేండ్లు ఎద్దుల గిట్టలు త్రొక్కిన నడిమి భాగము అద్దమువలె నునుపెక్కినది. గోడవైపు మట్టి కప్పిన అంచున మాత్రము నాలుగు అక్షరముల వంటివి మిగిలినవి. అవి యేమి అక్షరములో చదువగల విద్య నాకు లేదు. మిగిలినవి ఏమి చెప్పెడివో ఇక నెవ్వరును చదువజాలరు. బోధిశ్రీ పద్దులను చూచి తల యూచిన గుమాస్తా, తన ఊరి పద్దును తన ఎద్దులచేత తుడిపించినాడు.

ఆ బండచుట్టు కంచె కట్టించితిని. ఛాయాచిత్రములతో పురావస్తు శాఖవారికి ఉత్తరము వ్రాసితిని. వారు వచ్చి చూచువరకు దానిని కదల్పను.

ఈ రజతోత్సవ సమయమున నా మనవి యొక్కటే. మన గ్రంథాలయములో పుస్తకముల పట్టిక యున్నది, చందాదారుల పట్టిక యున్నది. మూడవ పట్టిక యొకటి తెరువుడు. మన పొలములలో, పాటిగడ్డలలో, గుడి వెనుక, బావిగట్టున ఉన్న పాత రాళ్ళు, వీరగల్లులు, శాసనములు, పెద్ద ఇటుకలు ఎచ్చట నున్నవో, ఎవరు చూచిరో, ఏ తేదీన చూచిరో అందు వ్రాయింపుడు. దేనినిగాని పెకలింపవద్దు, ఇంటికి తేవద్దు, సున్నము పూయవద్దు. చూచుటయు, వ్రాయుటయు, తెలియవలసినవారికి తెలుపుటయు మన పని. ఆ పట్టికను ఉచితముగ వ్రాసిపెట్టు భారము నాది. పిల్లలను వెంటబెట్టుకొని ఏటేట ఒకమారు ఫణిగిరికి పోవుటకూడ ఏర్పాటు చేయుదము. అందులకు రైలక్కరలేదు.

మొదటి పద్దును నేనే వ్రాసి తెచ్చితిని, కార్యదర్శిగారికి ఇచ్చుచున్నాను. “తూర్పు పాటిగడ్డ. అక్షరములున్న బండ ఒకటి. కొనిపోయినవాడు: ఈ పట్టిక వ్రాయువాడు. మిగిలినవి: అంచున నాలుగక్షరములు. ఊరికి బాకీ: తక్కినదంతయు.”