1957 బెల్ ఎయిర్ కొందామని వెళ్తే ఏమైందంటే...

ఇవాళ నేను కొనకుండా వదిలేసిన ఒక కారు గురించి చెప్తాను. కారు రాలేదు కానీ అక్కడ నేర్చుకున్న విషయం మాత్రం, రేపు మీరు సెకండ్ హ్యాండ్ బైక్ కొన్నా పనికొస్తుంది.

మేముండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. మూణ్ణెల్ల కిందట ఫోన్‌లో ఒక ప్రకటన కనిపించింది. 1957 షెవర్లే బెల్ ఎయిర్, వీ8 ఇంజన్, రెండు డోర్ల హార్డ్‌టాప్, పూర్తిగా రీస్టోర్ చేసింది. ధర 68 వేల డాలర్లు. వెనకాల రెండు వైపులా చేప రెక్కల్లా లేచి ఉంటాయి చూశారా, ఆ కారు. చిన్నప్పుడు పాత క్యాలెండర్‌లో దాని బొమ్మ చూసినప్పటి నుంచి నాకు పిచ్చి.

అసలు ఈ కారుకి ఇంత పేరెందుకంటే, 1955లో షెవర్లే ఒక కొత్త వీ8 ఇంజన్ తెచ్చింది. 265 క్యూబిక్ అంగుళాలు, అంటే మన లెక్కలో 4.3 లీటర్లు. 1957కి అది 283 అంగుళాలైంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టించుకుంటే 283 హార్స్ పవర్ దాకా ఇచ్చేది. అంగుళానికి ఒక గుర్రం అన్నమాట! 1955, 56, 57 కార్లని కలిపి ఇక్కడ ‘ట్రై-ఫైవ్’ అంటారు.

సరే, ఇంటి డౌన్ పేమెంట్‌కి దాచిన డబ్బు ఉంది. దాని మీద చెయ్యి వేద్దామనుకున్నా. ముందు విజయవాడలో ఉన్న మా నాన్నకి ఫోటోలు పంపాను. ఆయన ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు టింకరింగ్ పని చేశారు. ఫోటోలన్నీ చూసి ఒకటే మాట అన్నారు: “ఒరేయ్, రంగు ఎవడైనా వేస్తాడు. ఛాసిస్ నంబర్ చూశావా?”

శనివారం రెండు గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్లాను. అమ్మేది డెబ్బై దాటిన పెద్దాయన. గ్యారేజ్ తలుపు ఎత్తగానే నా గుండె ఆగినంత పనైంది. బంగారు రంగు గ్రిల్లు, రెక్కల పక్కన గీతలు గీతల అల్యూమినియం పట్టీ, అన్నీ బెల్ ఎయిర్ గుర్తులే. పెట్రోల్ మూత ఎక్కడుందో కనుక్కోమని నవ్వారాయన. ఎడమ రెక్క అంచున క్రోమ్ ముక్క వెనక దాచారు! నేను గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం తీసుకెళ్లాను. డోర్ల కింద, చక్రాల చుట్టూ పెట్టి చూశా. పుట్టీ మందంగా ఉన్నచోట అది అతుక్కోదు. అన్నిచోట్లా అతుక్కుంది. రేకు పని శుభ్రంగా ఉంది.

ఆఖర్న డ్రైవర్ వైపు డోరు తెరిచాను. డోరు కీళ్లు బిగించిన స్తంభం మీద చిన్న రేకు ముక్క ఉంటుంది, నంబర్ దాని మీదే. వీ8 బెల్ ఎయిర్ అయితే అది ‘వీసీ57’ అని మొదలవ్వాలి. వీ అంటే ఫ్యాక్టరీలోనే వీ8 ఇంజన్ పెట్టారని. సీ అంటే బెల్ ఎయిర్. 57 అంటే ఆ ఏడాది మోడల్.

ఆ రేకు మీద ‘బీ57’ అని ఉంది.

బీ అంటే 210 అనే కింది మోడల్. ముందు వీ లేదంటే ఆరు సిలిండర్ల ఇంజన్‌తో పుట్టిన కారు. బాడీ రెండిటికీ ఒకటే. గ్రిల్లు, పట్టీలు, పేర్లు అన్నీ కొత్తవి తయారుచేసి అమ్ముతారు. తెచ్చి బిగిస్తే 210 కూడా బెల్ ఎయిర్‌లా కనిపిస్తుంది. కాగితాలు తెప్పించి చూశాను. అదే నంబర్. అంటే దొంగ బండి కాదు. పేరే వేరు.

అప్పుడు నా మనసులో ఏం తిరిగిందో దాచకుండా చెప్తాను. నోరు మూసుకుని, ఇంకేదో వంక పెట్టి బేరం ఆడొచ్చు. లేదా థాంక్స్ చెప్పి వచ్చేయొచ్చు. కానీ ఆయన మొహం చూస్తే నాటకంలా అనిపించలేదు. ఫోన్ టార్చ్ వేసి ఆ అక్షరం చూపించి అర్థం చెప్పాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. గ్యారేజ్ మెట్టు మీద కూర్చున్నారు. పన్నెండేళ్ల కిందట బెల్ ఎయిర్ ధర పెట్టే కొన్నారట. ఆ డోరు ఎన్నిసార్లు తెరిచి ఉంటారో, ఆ అక్షరం చదవాలని మాత్రం తోచలేదు. కాసేపటికి, “50 వేలకి ఇస్తాను, తీసుకుంటావా?” అన్నారు.

తీసుకోలేకపోయాను. కారు బాగుంది, అది నిజం. నేను మనసు పడింది ఆ పేరు మీద అని అప్పుడే నాకు అర్థమైంది. ఒక పేరు కోసం ఇంటి డబ్బు తీయబోయాను. నిజం చెప్పి చేతులు దులుపుకుని వచ్చేశానే అని ఇప్పటికీ కొంచెం గుచ్చుకుంటుంది.

రెండు వారాల తర్వాత ఆ ప్రకటన మళ్లీ చూశాను. ‘210, బెల్ ఎయిర్‌లా తయారుచేసింది’ అని మార్చారు. మొదటి ఫోటో గ్రిల్లుది కాదు, ఆ రేకు ముక్కది. ఇంకో వారానికి అమ్ముడైపోయింది. ఎంతకో నేను అడగలేదు.

నాన్నకి చెప్తే, “210 అయితే మాత్రం బండి కాదేంట్రా?” అన్నారు.

మీరూ ఏ బండి చూడ్డానికి వెళ్లినా రంగు దగ్గర ఆగిపోకండి. నంబర్ చదవండి, కాగితంతో కలిపి చూడండి, ఆ తర్వాతే ధర మాట్లాడండి.