నేలలో దిగిన మందు ఏమైంది?



పత్తికీ మిరపకూ మనం ఏళ్ల తరబడి ఎండోసల్ఫాన్ కొట్టాం. 2011 మే 13న సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. మరి అప్పటికే నేలలో దిగిన మందు ఏమైంది? మట్టిలోని సూక్ష్మజీవులు కొన్ని దాన్ని విషం లేకుండా విరగ్గొడతాయి. కొన్ని మాత్రం ఎండోసల్ఫాన్ సల్ఫేటుగా మార్చి వదిలేస్తాయి. అదీ విషమే, ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. మందు పేరు మారినంత మాత్రాన విషం పోయినట్టు కాదు. ఇప్పుడు కొట్టే మందుల సంగతీ తేలాలి.

ఆ జీవులకు మేత పశువుల ఎరువు, పచ్చిరొట్ట. అది వేయడం మన పని. పరీక్ష చేయడం ప్రభుత్వం పని. భూసార పరీక్ష కార్డులో 12 అంశాలున్నాయి, పురుగుమందు అవశేషం లేదు. ఎగుమతి మిరపలో వెతికే అవశేషాన్ని మన మట్టిలో ఎందుకు వెతకరు? ప్రతి మండలంలో ఆ పరీక్ష ఉచితంగా చేయాలని గట్టిగా అడుగుదాం.