కోఠి బజారు: పట్టా లేని వాళ్ళ చరిత్ర

(ఒక విద్యార్థి సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మీకు తెలిసిన ఒక వీధి చరిత్ర చెప్పమని నన్ను పిలిచారు. నేను కోఠిని ఎంచుకున్నాను. పాత భవనాల గురించి, అవి కట్టిన సంవత్సరాల గురించి తప్పకుండా చెప్తాను. కానీ ముందు మా ఇంట్లో ఉన్న ఒక రేకు డబ్బా గురించి చెప్పాలి.

మా తాత కోఠిలో చెప్పులు కుట్టేవాడు. మేము మాదిగలం. ఆయన 1968లో నల్గొండ జిల్లా నుంచి హైదరాబాద్ వచ్చి, సుల్తాన్ బజార్‌లో ఒక బట్టల దుకాణం మెట్ల పక్కన నాలుగడుగుల జాగాలో కూర్చున్నాడు. ఆరె, రంపె, గూటం, ఒక గోనె పట్టా, ఎండకు ఒక గొడుగు. ఆయన దుకాణం అంటే అంతే. నలభై ఏళ్ళకు పైగా అక్కడే కూర్చున్నాడు. ఆయన తర్వాత అదే జాగాలో మా చిన్నాయిన కూర్చుంటున్నాడు. "బిడ్డా, కిరాయి ఇండ్లు ఎన్నో మారినం గని ఈ జాగా మారలే" అని తాత అంటుండేవాడు.

రెండేళ్ళ కింద ఒక ఆఫీసు నుంచి మనుషులు వచ్చి చిన్నాయినను అడిగారు: "నువ్వు ఇక్కడ ఎన్నేళ్ళ నుంచి ఉన్నవు? కాగితం ఏది?" అప్పుడు తీశాం ఆ రేకు డబ్బాను. అందులో తైబజారీ రసీదులు ఉన్నాయి. ఫుట్‌పాత్ మీద కూర్చున్నందుకు కట్టిన రుసుము చీటీలవి. తేదీ చదవగలిగిన వాటిలో అన్నిటికంటే పాతది 1974 నాటిది. దాని మీద తేదీ ఉంది, పైసలు ఉన్నాయి, ముద్ర ఉంది. మా తాత పేరు లేదు. జాగా పేరు కూడా లేదు.

నేను చరిత్ర విద్యార్థిని. ఆధారాలు ఎట్లా చదవాలో నేర్పే కోర్సులు పాసయ్యాను. కానీ ఆధారం అనే మాటకు ఎంత బరువుందో నాకు ఆ చీటీ చేతిలో పట్టుకున్నప్పుడే తెలిసింది.

ఇప్పుడు వీధిలోకి వెళ్దాం.

ఈ బజారు పుట్టుకకు కారణం ఒక పెద్ద భవనం. బ్రిటిష్ రెసిడెంట్ జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ కాలంలో, 1803 నుంచి కొన్నేళ్ళలో, మూసీ నదికి ఉత్తరాన రెసిడెన్సీ లేచింది. దాని చుట్టూ ఉన్న ప్రాంతం మీద అధికారం రెసిడెంటుది. నిజాం కోర్టులు, పోలీసులు అక్కడ చెల్లవు. ఆ రక్షణ చూసి సాహుకార్లు, వడ్డీ వ్యాపారులు, బట్టల వర్తకులు వచ్చి స్థిరపడ్డారు. అట్లా రెసిడెన్సీ బజార్లు ఏర్పడ్డాయి. 1933లో వాటిని తిరిగి నిజాం ప్రభుత్వానికి అప్పగించాక సుల్తాన్ బజార్ అన్న పేరు వచ్చింది.

1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రెసిడెన్సీ మీద దాడి జరిగింది. పుత్లీబౌలి వైపు ఉన్న ఇళ్ళలోకి చేరి, అక్కడి నుంచి తుపాకులు పేల్చారు. అందులో ఒక ఇల్లు జైగోపాల్ దాస్ అనే సాహుకారుది. ఆ ఇంటి యజమాని పేరు ఈ రోజుకీ పుస్తకాల్లో ఉంది.

నిజాం పోలీసులు రాని చోటు కాబట్టి సభలు, సంఘాలు కూడా ఇక్కడికే వచ్చాయి. 1892లో ఆర్యసమాజం వచ్చింది. 1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. 1921 నవంబర్‌లో ఇక్కడి వివేకవర్ధని ఆవరణలో జరిగిన సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానం నుంచి ఆంధ్రజన సంఘం పుట్టింది. తెలంగాణ చరిత్ర చదివిన ప్రతివాళ్ళకూ ఈ కథ తెలుసు. పోటీ పరీక్షల్లో ప్రశ్నగా కూడా వస్తుంది.

అది ముఖ్యమైన ఘటనే. తెలుగు మాట్లాడినందుకు జరిగిన అవమానం మనకు పాఠమైంది. కానీ అదే కాలంలో అదే బజారులో ఏ భాషలోనూ వేదిక ఎక్కే వీలు లేని మనుషులు ఉన్నారు. ఆ వీధులు ఊడ్చినవాళ్ళు, పాయఖానాలు ఎత్తినవాళ్ళు, రాళ్ళు మోసినవాళ్ళు, చెప్పులు కుట్టినవాళ్ళు. వాళ్ళ అవమానం ఏ తేదీన జరిగిందని అడిగితే ఏం చెప్తాం? అది రోజూ జరిగేది. రోజూ జరిగేదానికి తేదీ ఉండదు, తేదీ లేనిది పరీక్షలో ప్రశ్న కాదు.

ఇక్కడ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఇసామియా బజార్ ఉంది. 1910లో భాగ్యరెడ్డి వర్మ అక్కడ అంటరాని కులాల పిల్లల కోసం బడి పెట్టాడు. అప్పటికే 1906లో జగన్ మిత్ర మండలి స్థాపించి, హరికథలతో, భజనలతో వాడవాడలా తిరుగుతున్నాడు. 1933 నాటికి ఆ బడులు 26 అయ్యాయి, వాటిలో సుమారు 2,500 మంది పిల్లలు చదువుకున్నారు. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ లేచింది. మనల్ని మనం ఏమని పిలుచుకోవాలో మనమే నిర్ణయించుకుంటామని చెప్పిన ఉద్యమానికి అది ఇల్లు.

ఇప్పుడు ఒక పోలిక చూడండి. రెసిడెన్సీ స్తంభాల మీద పుస్తకాలు వచ్చాయి, దాని మరమ్మతుకు విదేశీ సంస్థల సాయం వచ్చింది. రావలసిందే, అది గొప్ప కట్టడం. మరి ఆ 26 బడులు ఏ గల్లీలో, ఏ ఇంటి వసారాలో నడిచాయో ఒక పటం గీయగలమా? ఈ గదిలో ఎంతమంది గీయగలరు? నేను గీయలేను. ఉద్యమం చిన్నదై కాదు. ఉద్యమానికి సొంత గోడలు తక్కువ. సొంత గోడ లేని చరిత్రను వీధి చాలా తొందరగా మరిచిపోతుంది.

రెసిడెన్సీ గురించి ఇంకో మాట. 1949లో ఉస్మానియా మహిళా కళాశాల ఆ భవనంలోకి వచ్చింది. నేను డిగ్రీ అక్కడే చదివాను. తాత బజారులో చెప్పులు కుడుతుంటే నేను రెసిడెంటు దిగిన మెట్లు ఎక్కి క్లాసుకు పోయాను. ఆ కళాశాల ఇప్పుడు విశ్వవిద్యాలయం. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన ఆడమనిషి పేరు ఇవాళ రెసిడెంటు గేటు మీద ఉంది. నాకు అది సంతోషం. అయితే గేటు మీద పేరు మారినంత మాత్రాన గేటు ముందు కూర్చునేవాళ్ళ సంగతి మారదు. ఆ గోడ పొడవునా పాత పుస్తకాలు అమ్మే వాళ్ళ దగ్గరే మనలో చాలామంది గ్రూప్స్ పుస్తకాలు సగం ధరకు కొన్నాం. మన చదువులో వాళ్ళ భాగం ఎంతో మనకు తెలుసు. వీధి చరిత్ర రాసినప్పుడు మాత్రం వాళ్ళు "రద్దీ" అనే ఒక్క మాటలో కలిసిపోతారు.

డాక్టర్ అంబేడ్కర్ తన అనుభవాలు రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' మీరంతా చదివే ఉంటారు. దాన్ని ఒకసారి కట్టడాల చరిత్రగా చదవండి. బరోడాలో ఉద్యోగానికి వెళ్ళినప్పుడు ఆయనకు గది దొరకదు. పార్సీ పేరు పెట్టుకొని ఒక సత్రంలో ఉంటే, కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొడతారు. 1934లో నిజాం రాజ్యంలోని దౌలతాబాద్ కోట చూడబోతే, వాకిట్లోని నీళ్ళు ముట్టుకున్నారని గొడవ. ఆ కోటకు ఎన్ని ప్రాకారాలున్నాయో గైడు చెప్తాడు. ఆ నీళ్ళ తొట్టి ఎవరిది అన్న ప్రశ్న అంబేడ్కర్ చెప్తాడు. రెండూ కోట చరిత్రే.

ఆ అనుభవమే రాజ్యాంగంలోకి వచ్చింది. 15(2) అధికరణం చూడండి. దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు: వీటిలో ఎక్కడా కులం, మతం పేరుతో అడ్డు ఉండరాదు. 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో దీని మీద చర్చ జరిగినప్పుడు, దుకాణం అంటే ఏమిటన్న ప్రశ్న వచ్చింది. అంబేడ్కర్ దాన్ని విశాలమైన అర్థంలో తీసుకోమన్నాడు. సేవ అందించే చోటు ఏదైనా ఆ మాట కిందికి వస్తుందని వివరించాడు. నేను అది చదివినప్పుడు మా తాత గోనె పట్టా గుర్తొచ్చింది. దానికి తలుపు లేదు, బోర్డు లేదు. అయినా ఆ అర్థంలో అది దుకాణమే. ఆ బజారులో ఎవరినీ ఏనాడూ మెట్టు దిగమనని దుకాణం కూడా అదే.

ఇక చట్టం దగ్గరికి వస్తాను. వీధుల్లో వ్యాపారం చేసుకోవడం, సహేతుకమైన నియంత్రణలకు లోబడి, 19(1)(జి) కింద ప్రాథమిక హక్కు అని 1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపరాదని అందులో ఉంది. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి. వాళ్ళలో ఎస్సీ, ఎస్టీలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి.

ఆ చట్టం రెండో షెడ్యూలులో ఒక వాక్యం ఉంది. దాన్ని చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. వీధి వ్యాపారులు 50 ఏళ్ళకు పైగా వ్యాపారం చేస్తున్న సహజ మార్కెట్లను హెరిటేజ్ మార్కెట్లుగా ప్రకటించాలి, అక్కడి వ్యాపారులను వేరే చోటికి తరలించరాదు. హెరిటేజ్ అన్న మాట స్తంభాలకు, గుమ్మటాలకు మాత్రమే చెందిందని అనుకునేదాన్ని. పార్లమెంటు దాన్ని ఫుట్‌పాత్‌కు కూడా ఇచ్చింది.

సుల్తాన్ బజార్ మీదుగా మెట్రో వస్తుందన్నప్పుడు అక్కడి వ్యాపారులు ఇది చారిత్రక బజారు అని ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2020 ఫిబ్రవరిలో ఆ దారిన రైలు నడిచింది. వాళ్ళ పోరాటాన్ని నేను తప్పుపట్టను. వాళ్ళ బతుకు అది. కానీ ఆ మాట వాడుకోవడానికి వాళ్ళ దగ్గర దస్తావేజులు ఉన్నాయి, కిరాయి రసీదులు ఉన్నాయి, తాతల ఫొటోలు గోడ మీద ఉన్నాయి. మా చిన్నాయిన దగ్గర పేరు లేని చీటీ ఉంది. 1974కు 50 కలిపితే 2024. లెక్క సరిపోయింది. పేరే సరిపోలేదు.

అందుకని నేను ఆ బట్టల దుకాణం సేఠు దగ్గరికి వెళ్ళాను. పెద్దమనిషి. చాయ్ తెప్పించాడు. "మీ తాత ఈడనే కూసునేటోడు బేటా, నా చిన్నప్పటి సంది చూసిన. నా పెండ్లి బూట్లకు కుట్టేసింది ఆయననే" అన్నాడు. అదే మాట ఒక కాగితం మీద రాసి సంతకం చేయమన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "చెప్పుమంటే చెప్త గని, రాసి ఇయ్యలేను" అన్నాడు. ఆయన భయం నాకు అర్థమైంది. రాసిస్తే మెట్ల పక్కన ఆ నాలుగడుగులు శాశ్వతమైపోతాయి. నోటి మాటకు, సంతకానికి మధ్య ఎంత దూరం ఉందో ఆ చాయ్ గ్లాసు ముందు కూర్చొని చూశాను. మన చరిత్ర చాలా వరకు ఆ దూరంలోనే పడి ఉంది.

మిత్రులారా, ఇక్కడ పరిశోధకులు ఉన్నారు, పీజీ విద్యార్థులు ఉన్నారు. మీరు ఏదో ఒక వీధి మీద పని చేయండి. దాని భవనాల జాబితా రాయండి, కట్టిన సంవత్సరం రాయండి. కానీ ప్రతి భవనం దగ్గర ఇంకో మూడు ప్రశ్నలు అడగండి. దీన్ని ఎవరి చేతులు కట్టాయి? ఇందులోకి ఎవరిని రానివ్వలేదు? దీని నీడలో ఎవరు బతికారు? తైబజారీ చీటీలు, చలాన్లు, పాత రేషన్ కార్డులు, పెళ్ళి ఫొటోల వెనక కనిపించే దుకాణం బోర్డులు, అన్నిటినీ ఫొటో తీసి తేదీ వేసి దాచండి. ముసలివాళ్ళ మాట రికార్డు చేయండి. ఎవరు, ఎప్పుడు, ఏ మలుపులో, ఎవరి పక్కన కూర్చున్నారో పటం మీద గుర్తు పెట్టండి. పక్కపక్కన కూర్చున్న పదిమంది మాటలు ఒకదానికొకటి కలిస్తే అది ఆధారమే. మనం సెమినార్ పేపర్ కోసం చేసే ఈ పని, 50 ఏళ్ళ లెక్క అడిగే చట్టం ముందు ఒక కుటుంబం అన్నం నిలబెట్టొచ్చు.

నేను ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నాను. ఆ వరుసలో కూర్చునే పదకొండు మంది మాటలు రికార్డు చేశాను. పూలమ్మే ఒక అవ్వ మా తాత పేరు చెప్పింది, ఆయన గొడుగు రంగు కూడా చెప్పింది. తాళం చెవులు చేసే ఆయన, తన తండ్రి మా తాత తర్వాత రెండేళ్ళకు వచ్చాడని చెప్పాడు. ఇద్దరూ వేలిముద్ర వేసి, సంతకం చేసి ఇచ్చారు. సేఠు రాయని కాగితం వాళ్ళు రాశారు. అది చాలుతుందో లేదో కమిటీ ముందు తేలాలి. వచ్చే నెల తారీఖు ఇచ్చారు. చిన్నాయినతో పాటు నేనూ పోతున్నాను, ఆ రేకు డబ్బా పట్టుకొని.

జై భీమ్.