‘హోల్డ్’ అను క్రియ – మన మాతృభాష
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



ఆంగ్లమున ‘హోల్డ్’ అను క్రియకు పట్టుకొనుట మూలార్థము. ప్రయోగములు మాత్రము పెక్కు. సంచిని ‘హోల్డ్’ చేయుటయన చేత పట్టుకొనుట. సరుకును చేయుటయన అమ్మక నిలువయుంచుట. సభను చేయుటయన జరుపుట.

మాతృభాషను నిలుపుకొనుట వీనిలో దేనివంటిది? వర్తకుడనగుటచే చెప్పుచున్నాను: సరుకును నిలువయుంచిన ధర పెరుగవచ్చును; భాషను నిలువయుంచిన మరుగున పడును. అది సభవలె జరుగుచుండవలెను.

1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. ఇంట చదివించుట మన వంతు. చందాపురలో మన బడిపిల్లలకు కన్నడ లిపి వచ్చును; తెలుగు లిపి దానికి తోబుట్టువు. భోజనానంతరము ప్రతి యింట పిల్లలచే అరగంట తెలుగు చదివింపుడు.